ఫొటో ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటారు

ఈ నెల ఫొటోగ్రఫీ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు కొనాలి అన్నవి ఎప్పటిలాగే బోలెడున్నాయి. వాటిని వచ్చే నెలకు తోసేశాం. ఈసారి ఒకే బాధ మీద వచ్చినవి ఏరి జవాబులిస్తున్నాం: మన ఫొటో గురించి నిజం చెప్పేదెవరు, వాళ్ల చేత ఎలా చెప్పించుకోవాలి?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాను. ఏది పెట్టినా ఫ్రెండ్స్ ‘సూపర్ అన్నా’, ‘కేక’ అంటారు. ఇంట్లోవాళ్లదీ అదే మాట. నిజంగానే బాగుంటున్నాయో, మొహమాటానికి అంటున్నారో తెలియడం లేదు. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మొహమాటం సగం కారణం. మిగతా సగం మీరు వేసే ప్రశ్నలోనే ఉంది. భోజనానికి పిలిచి కూర ఎలా ఉందని అడిగితే ఉప్పు ఎక్కువైందని ఏ చుట్టమూ అనడు. ‘ఫొటో ఎలా ఉంది?’ అన్నదీ అలాంటి ప్రశ్నే. పైగా స్నేహితుడికి అందులో తన ఊరు కనిపిస్తుంది, తెలిసిన మనిషి కనిపిస్తాడు, తీసిన మీరు కనిపిస్తారు. ఇక ఫొటోను చూడటానికి తీరికెక్కడిది? లైకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వేలితో పైకి తోసేసేలోపు కంటికి తగిలినవాటికి, అంటే మొహం పెద్దగా, రంగు ముదురుగా ఉన్నవాటికి ఎక్కువ పడతాయి.

అందుకని మెచ్చుకోవడానికి సందు ఇవ్వని ప్రశ్న వేయాలి. మీకు బాగా నచ్చిన 20 ఫొటోలు ఎంచి 4×6 సైజు ప్రింట్లు వేయించండి. మ్యాట్ పేపరు అడగండి, గ్లాసీ అయితే ట్యూబ్‌లైటు మెరిసి సగం ఫొటో కనిపించదు. తీసి మూడు వారాలు కూడా కానివి పెట్టకండి. కొత్త ఫొటో మీద మోజు దిగడానికి ఆ మాత్రం టైము పడుతుంది. వెనక పెన్సిలుతో నంబర్లు వేయండి (బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే ముందువైపు గీత తేలుతుంది). చాప మీదో టేబులు మీదో వరస లేకుండా పరిచి, ‘వీటిలో పది తీసెయ్యండి’ అని మాత్రం అడగండి. అవి అయ్యాక, మిగిలిన పదిలోంచి ఇంకో ఐదు తీసెయ్యమనండి.

మొదటి పది చకచకా పోతాయి. తర్వాతి ఐదు దగ్గరే చెయ్యి ఆగుతుంది. ఒకటి తీసి, మళ్లీ అక్కడే పెట్టి, పక్కది తీస్తారు. ఏ రెండింటి మధ్య అలా ఊగారో ఆ నంబర్లు రాసుకోండి. నోటితో చెప్పే అభిప్రాయం కన్నా ఆ తటపటాయింపు ఎక్కువ చెబుతుంది. ఈలోపు మీరు మాత్రం నోరు మెదపకూడదు. ‘దానికోసం తెల్లారుజామున నాలుగింటికి లేచాను’ అన్నారంటే ఇక ఆ ఫొటోను ఎవరూ తియ్యరు. ఫొటో బతుకుతుంది, మీకు మాత్రం నిజం దక్కదు.

ఇలా ఐదుగురి చేత విడివిడిగా చేయించండి. ఇద్దరు ఫొటోలు తీసేవాళ్లు అయి ఉంటే చాలు. ఒకరు బొమ్మలు వేసేవాళ్లు దొరికితే అదృష్టం. మిగతావాళ్లు కెమెరాతో సంబంధం లేనివాళ్లే కావాలి: టైలరు కావచ్చు, స్కూలు టీచరు కావచ్చు. ఐదుగురూ ఉంచినవాటి గురించీ, ఐదుగురూ తీసేసినవాటి గురించీ పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఫొటోగ్రాఫర్లు ఉంచి మిగతావాళ్లు తీసేసినవి చూడండి. నీళ్లు పాలలా కనిపించే లాంగ్ ఎక్స్‌పోజర్లు, రాత్రి రోడ్డు మీద బండి లైట్ల గీతలు ఈ లెక్కలోకే వస్తాయి. వాటిలో పనితనం ఉంటుంది, చెప్పే విషయం ఉండదు. దీనికి ఉల్టాగా, మామూలువాళ్లు ఉంచి ఫొటోగ్రాఫర్లు తీసేసినవాటిలో విషయం బలంగా ఉండి పనితనం తగ్గి ఉంటుంది. మీరు సంతోషించాల్సింది వీటిని చూసి. పనితనం నేర్చుకుంటే వస్తుంది.

మీరు గట్టిగా నమ్మినా, అందరూ తీసిపారేసింది ఒకటి ఉండి తీరుతుంది. అంతా అయ్యాక దాన్ని చేతికిచ్చి, ‘ఇందులో మీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?’ అని అడగండి. కన్ను బాగా వెలుతురున్న చోటికి, మొహాల మీదికి, అక్షరాల మీదికి ముందు పోతుంది. మీరు ముసలాయన కళ్లు చూపించాలనుకుంటే, వాళ్లు వెనకున్న ఫ్లెక్సీ చదివి ఉంటారు. అక్షరాల్లేని గోడ మన ఊళ్లలో దొరకడమే కష్టం కాబట్టి వీధి ఫొటోలను ఎక్కువగా పాడుచేస్తున్నది ఇదే.

ప్రశ్న: ఒక సీనియర్ ఫొటోగ్రాఫర్‌కు నా పోర్ట్రెయిట్లు వాట్సాప్‌లో పంపాను. ‘షార్ప్‌గా లేవు, నాయిస్ (గింజల్లాంటి చుక్కలు) ఉంది’ అన్నారు. నా ల్యాప్‌టాప్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉన్నాయి. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు వాడతాను. ఆయన సరిగ్గా చూడలేదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆయన చూసింది మీ ఫొటోను కాదు, వాట్సాప్ పిండేసిన కాపీని. మామూలుగా పంపితే అది సైజునూ నాణ్యతనూ బాగా కోసేస్తుంది. హెచ్‌డీ అని పెట్టినా ఎంతోకొంత కోస్తుంది. ఫొటోగా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. పంపేముందు పొడవు వైపు 2048 పిక్సెళ్లకు తగ్గించి, కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ పెట్టి, జేపెగ్ క్వాలిటీ 85 దగ్గర ఎక్స్‌పోర్ట్ చేయండి. అడోబీ ఆర్‌జీబీలో వదిలేస్తే కొన్ని యాప్‌లలో రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ‘కలర్ డల్‌గా ఉందే’ అన్న మాట చాలాసార్లు ఇందువల్లే వస్తుంది.

అయితే ఆయన మాటను అప్పుడే కొట్టిపారేయకండి. ల్యాప్‌టాప్ తెర మీద ఫొటో మొత్తం పట్టేలా చూస్తే ఏదైనా షార్ప్‌గానే ఉంటుంది. 100 శాతానికి పెంచి, ముందు కంటిరెప్పల వెంట్రుకలు, తర్వాత చెవి చూడండి. చెవి స్పష్టంగా ఉండి కన్ను మెత్తగా ఉంటే ఫోకస్ వెనక్కి జారింది. ఫొటో మొత్తం ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి వణికింది. గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే మనిషి కదిలాడు. మూడింటికీ ‘షార్ప్‌గా లేదు’ అనే అంటారు, మందు మాత్రం దేనికి దానికి వేరే.

మీ లెన్సును ఏపీఎస్-సీ (చిన్న సెన్సరున్న) కెమెరాకు తగిలించి, ఎఫ్/1.8 దగ్గర మీటరున్నర దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం ఆరు సెంటీమీటర్లు. ముక్కు కొస నుంచి చెవి దాకా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఫోకస్ లాక్ చేశాక మనిషి కొంచెం ముందుకు వాలినా కన్ను ఆ ఆరు సెంటీమీటర్లు దాటిపోతుంది. ఎఫ్/2.8కి తెచ్చి (ఆ లోతు పెరుగుతుంది), కంటిని వెతికి పట్టే ఐ ఫోకస్ ఉంటే ఆన్ చేసి, మనుషులకైతే షట్టర్ 1/200కి తగ్గకుండా చూసుకోండి. నాయిస్ విషయంలో మాత్రం ఐఎస్ఓ (కెమెరా వెలుతురును గ్రహించే స్థాయి) పెంచడానికి భయపడకండి. ఐఎస్ఓ 800 దగ్గర చీకటిగా తీసి ఎడిటింగ్‌లో లాగిన ఫొటో కన్నా, 3200 దగ్గర సరైన వెలుతురుతో తీసిందే సాధారణంగా శుభ్రంగా ఉంటుంది.

ఇవన్నీ చూసుకుని మళ్లీ పంపేటప్పుడు ‘ఎలా ఉన్నాయి సార్’ అనకండి. మూడే పంపి, ‘ఫోకస్ కంటి మీద ఉందా, జారిందా చెప్పండి సార్’ అని రాయండి. పని ఒత్తిడిలో ఉన్న మనిషి కూడా దానికి జవాబిస్తాడు.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్‌లో ఒక జాలరి వల సర్దుకుంటుంటే తీసిన ఫొటో నాకు చాలా ఇష్టం. క్లబ్బులో ఒకాయన ‘పై భాగం కోసెయ్’ అన్నారు. ఇంకొకరు ‘కొయ్యొద్దు, వెనకంతా డార్క్ చెయ్’ అన్నారు. మూడో ఆయన బ్లాక్ అండ్ వైట్ చెయ్యమన్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఎవరి మందూ వాడకండి. ముగ్గురూ వేలు పెట్టింది ఎక్కడో చూడండి. మీరు పంపిన ఫొటో చూశాం. పడవ తెరచాప కొయ్య సరిగ్గా జాలరి తలలోంచి మొలిచినట్టుంది, దాని కొసన నారింజ రంగు జెండా ఒకటి. పై భాగం కోస్తే జెండా పోతుంది. డార్క్ చేస్తే కొయ్య మరుగున పడుతుంది. బ్లాక్ అండ్ వైట్ చేస్తే జెండా రంగు మాయమవుతుంది. ముగ్గురి కన్నూ ఒకే చోట అడ్డుపడింది, ఎవరికి చేతనైన వైద్యం వాళ్లు చెప్పారు. లోపం చూపడంలో ముగ్గురూ ఏకమైతే నమ్మాల్సిందే. మందు దగ్గర తేడాలొస్తే అది వాళ్లవాళ్ల అలవాటు.

అసలు మందు ఎడిటింగ్‌లో లేదు. ఎడమకు ఒక అడుగు వేసి ఉంటే కొయ్య తలనుంచి విడిపడేది. ఈసారి వెళ్లినప్పుడు షట్టర్ నొక్కేముందు మనిషి తల చుట్టూ అంచు వెంట ఒకసారి కన్ను తిప్పండి. తలను కొయ్యగానీ, తాడుగానీ, నీటి అంచు గీతగానీ తాకుతుంటే కాలో మోకాలో కదపండి.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడి కెమెరా క్లబ్బులో చేరాను. ఏది చూపించినా ‘నైస్’, ‘ఇంట్రెస్టింగ్’ అంటారు. మర్యాద తప్ప ఇంకేమీ దొరకడం లేదు.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ‘ఈ ఫొటో మీది అయితే, ఎవరికైనా చూపించేముందు ఏం మారుస్తారు?’ అని అడగండి. ఫొటో తమది అయ్యేసరికి మర్యాద సడలుతుంది. ఇంకో మార్గం, ఒకే దృశ్యానివి రెండు ఫ్రేములు పక్కపక్కన పెట్టి ఏది ఉంచాలో చెప్పమనడం. రెండూ నైసే అనడం కష్టం.

ప్రశ్న: మూడేళ్లుగా ఒక స్టూడియో తరఫున పెళ్లిళ్లకు సెకండ్ కెమెరాగా వెళుతున్నాను. ఒక్కో పెళ్లికి రెండు వేలకు పైగానే తీస్తాను. ఓనరు ‘బాగానే తీస్తున్నావ్ రా’ అంటాడు. ఆల్బమ్ వచ్చాక చూస్తే నావి పట్టుమని పది ఉండవు. ఎందుకని అడిగితే నవ్వేసి ఊరుకుంటాడు. సొంతంగా స్టూడియో పెట్టుకోవాలని ఉంది, కానీ నా పని మీద నాకే నమ్మకం పోతోంది.
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ఓనరు మాటలు వదిలేయండి. మీ పని మీద నిజమైన తీర్పు ఇచ్చేది ఆల్బమ్ డిజైనరు. రోజంతా ‘ఇది ఉండనీ, ఇది పో’ అనడమే అతని పని. మీరెవరో అతనికి అక్కర్లేదు, ఏ ఫొటో పేజీలో కూర్చుంటుందన్నదే కావాలి. ఒక పూట సెలవు పెట్టుకుని, టీ ఇప్పించి, అతని పక్కన కూర్చోండి. మీ ఫోల్డరు తెరిచి ఎంచుకోమనండి. దాటేసిన ప్రతిసారీ ‘ఎందుకు వద్దు?’ అని ఒక్క మాట అడిగి రాసుకోండి. రెండు గంటలు కూర్చుంటే మీ లోపాల జాబితా మీ చేతికొస్తుంది. సెకండ్ కెమెరా ఫొటోలు ఆల్బమ్‌కు ఎక్కకపోవడానికి మామూలుగా కనిపించే కారణాలు మేమూ చెబుతాం, మీవి ఏవో అతనితో సరిచూసుకోండి.

కెమెరా గడియారం. డిజైనరు రెండు కెమెరాల ఫొటోలనూ కలిపి టైము ప్రకారం వరస పెడతాడు. మీ గడియారం మెయిన్ కెమెరా కన్నా ఏడెనిమిది నిమిషాలు తేడాగా ఉందనుకోండి, మీ జీలకర్ర బెల్లం ఫొటోలు మంగళసూత్రధారణలో వచ్చి పడతాయి. అర్ధరాత్రి పని చేస్తున్న మనిషి వాటిని వెతికి సరైన చోట పెట్టడు, మొత్తం తీసి పక్కన పడేస్తాడు. పెళ్లికి బయలుదేరేముందు రెండు కెమెరాలూ పక్కపక్కన పెట్టి, సెకన్లతో సహా కలపండి. ఖర్చు లేదు, అర నిమిషం పని.

రంగు. మెయిన్ కెమెరా వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా వచ్చేలా రంగు సరిచేసే సెట్టింగు) ఒకే కెల్విన్ అంకె దగ్గర స్థిరంగా ఉండి, మీది ఆటోలో ఉంటే వీడియో లైటు ఇటు తిరిగినప్పుడు ఒక రంగు, అటు తిరిగినప్పుడు ఒక రంగు వస్తుంది. అదే చీర రెండు పేజీల్లో రెండు రంగుల్లో ఉంటే చీర కొన్నవాళ్లే ముందు పట్టుకుంటారు. మెయిన్ కెమెరాలో ఎంత పెట్టారో అడిగి అంతే పెట్టండి.

చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక ఎల్‌ఈడీ లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. 1/250 దగ్గర తీస్తే ఫొటో మీద అడ్డంగా చీకటి పట్టీలు పడతాయి. 1/100కు గానీ 1/50కి గానీ వస్తే అవి పోతాయి. మరి తలంబ్రాలు గాల్లో ఆగాలంటే 1/100 చాలదు కదా అంటారు. నిజమే, అక్కడ ఫ్లాష్ వాడాలి, లేదా కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయాలి. స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర ఉంటే దాని మినుకు లెక్క వేరు, ముహూర్తానికి గంట ముందే రెండు మూడు స్పీడుల్లో తీసి చూసుకోవాలి.

అన్నిటికన్నా పెద్దది ఫ్రేము. 12×36 షీటు అంటే 12×18 పేజీలు రెండు, మధ్యలో మడత. మీ కెమెరా ఫొటో 3:2, షీటు 3:1. ఒక ఫొటోను షీటు మొత్తానికి పరిస్తే ఎత్తులో సరిగ్గా సగం కోతకు పోతుంది. తల నుంచి కాలి పారాణి దాకా ఫ్రేము నిండా నింపి తీసిన ఫొటో ఎంత అందంగా ఉన్నా షీటు మీదికి ఎక్కదు. జంటను నట్టనడుమ నిలబెట్టి తీస్తే మడత వాళ్ల మధ్యలోంచి, ఒక్కోసారి మొహం మీంచి పోతుంది. ప్రతి ముఖ్యమైన తంతుకూ ఒక్క ఫ్రేమైనా వెడల్పుగా తీయండి. మనుషులు ఒక పక్కకు, ఎత్తులో సగానికి మించకుండా ఉండాలి. రెండో పక్క పందిరో పూలో ఉన్నా చాలు. డిజైనరు చెయ్యి ముందు దాని మీదికే పోతుంది.

ఇక మెయిన్ కెమెరా భుజం పక్కనే నిలబడి, అతను తీసిందే మీరూ తీస్తే మీ ఫొటో ఎవరికి కావాలి? జీలకర్ర బెల్లం దగ్గర పక్కనుంచి తీసినప్పుడు, ఏ పక్క నిలబడినా ఒకరి చెయ్యి మొహానికి అడ్డమొస్తుంది. మెయిన్ కెమెరా కింద ఉంటే మీరు స్టూలెక్కి ఒక అడుగు పైనుంచి తీయండి. మీకు దగ్గరగా ఉన్న చెయ్యి ఫ్రేములో కిందికి దిగి, దాని వెనకున్న మొహం బయటపడుతుంది. ఆ క్షణంలో తల్లిదండ్రుల మొహాల వైపు ఎవరూ కెమెరా తిప్పరు, అది మీకు వదిలేసిన జాగా. రెండు వేలు తీయాల్సిన పని కూడా లేదు. ఒకే నవ్వుకు ముప్పై ఫ్రేములుంటే ఎంచేవాడికి విసుగు. మీరే ఏరి ఆరేడు వందలు ఇచ్చి చూడండి.

ప్రశ్న: కొల్లేరు పక్షుల ఫొటోలు నాలుగు ఒక అంతర్జాతీయ ఫొటోల పోటీ అయిన సాలన్‌లో నేచర్ విభాగానికి పంపాను. ఒకదానికి 11 మార్కులు, మిగతావాటికి 7, 8 వచ్చాయి. ఏదీ ఎంపిక కాలేదు. మార్కులు తప్ప కారణం చెప్పలేదు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: సాలన్ మార్కు విమర్శ కాదు, వడపోత. చాలా సాలన్లలో ముగ్గురు న్యాయనిర్ణేతలు విడివిడిగా వేసిన మార్కులను కలుపుతారు. వేలల్లో వచ్చే ఫొటోల్లో ఒక్కోదానికి దొరికేది కొన్ని సెకన్లు. ఆ కాస్త సమయంలో ముగ్గురికీ తట్టని ఫొటో, నెమ్మదిగా చూస్తే గొప్పదే కావచ్చు. 11 వచ్చినదాన్ని మార్చకుండా ఇంకో రెండు మూడు సాలన్లకు పంపండి. ప్రతిచోటా ఎంపిక గీత దగ్గరే ఆగిపోతుంటే ఫొటోలో ఏదో ఒక్కటి లాగుతోందని అర్థం. 7 వచ్చినవాటిని పక్కన పెట్టండి. ఎంపికైన ఫొటోల కేటలాగు తెప్పించుకుని మీ విభాగం పేజీల పక్కన మీ నాలుగూ పెట్టి చూస్తే మార్కు చెప్పని కారణం చాలావరకు తెలుస్తుంది.

నేచర్ విభాగంలో ఇంకో చిక్కుంది. 1950లో ఏర్పడిన అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్, అమెరికా ఫొటోగ్రఫీ సొసైటీ పీఎస్‌ఏ, బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఈ విభాగానికి ఒకే నిర్వచనం పాటిస్తాయి. ఫొటోలో ఉన్నది తీసేయకూడదు, లేనిది చేర్చకూడదు. కోత, వెలుతురు సరిదిద్దడం వరకూ సరే, అడ్డమొచ్చిన కొమ్మను క్లోన్ చేసి చెరిపితే అనర్హతే. మనిషి చేసిన వస్తువులు కనిపించకూడదు, అవి ఆ ప్రకృతి కథలో భాగమైతే తప్ప. మీవి కొల్లేటిలోని ఆటపాక దగ్గర తీసినవైతే గూడకొంగలు కూర్చున్న ఇనుప స్టాండ్లు ఫ్రేములో ఉండే ఉంటాయి. అవి పక్షులు గూళ్లు కట్టుకోవడానికే పెట్టినవి, కాబట్టి నిబంధన ప్రకారం వాదించవచ్చు. కానీ మూడు సెకన్లలో మీ తరఫున వాదించేవాళ్లు ఎవరూ ఉండరు. ఎగిరే పక్షినో, నీటి మీద వాలే పక్షినో పంపితే ఆ గొడవే రాదు.

మాటల్లో చెప్పించుకోవాలంటే దారి వేరు. 1853లో లండన్‌లో మొదలైన ఆ రాయల్ సొసైటీవాళ్ల లైసెన్షియేట్ గుర్తింపుకు 10 ఫొటోల ప్యానెల్ పంపాలి. దరఖాస్తుకు ముందు మీ ఫొటోలు చూసి సలహా చెప్పే ఏర్పాటు వాళ్లకుంది. మన దేశంలో 1953 నుంచి ఉన్న ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీకి అనుబంధంగా ఉన్న క్లబ్బు మీ దగ్గర్లో ఉంటే అందులో చేరండి. నెల పోటీలో ఓడిపోయినా పక్కనే కూర్చున్న న్యాయనిర్ణేతను అడిగే వీలుంటుంది. ఏ పోటీకైనా డబ్బు కట్టేముందు నిబంధనల్లో హక్కుల పేరా చదవండి. పంపిన ప్రతి ఫొటోనూ శాశ్వతంగా, ఉచితంగా, ఎక్కడైనా వాడుకుంటామని ఉంటే అది పోటీ కాదు, ఫొటోల సేకరణ.

ప్రశ్న: ఏఐ యాప్‌కు ఫొటో ఇస్తే వందకు 87 ఇచ్చింది. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అంకెను నమ్మకండి. అదే ఫొటోను రేపు ఇస్తే ఇంకో అంకె ఇవ్వొచ్చు. హొరైజన్ వంకరగా ఉందా, తెల్ల పంచె మీద వివరం ఎగిరిపోయిందా, అంచుల్లో అడ్డంగా ఏముంది, ఇలాంటివి అడిగితే పనికొస్తుంది. అవి కూడా కెమెరాలో వెలుతురు గ్రాఫు చూపే హిస్టోగ్రామ్‌తో, మీ కంటితో సరిచూసుకోండి. మెచ్చుకోవడంలో మీ స్నేహితులకు అదేమీ తీసిపోదు.

ప్రశ్న: ఉప్పాడ తీరంలో సముద్రపు కోత మీద ఏడాదిగా ఫొటోలు తీస్తున్నాను. హైదరాబాద్‌లో జరిగే ఫొటో ఫెస్టివల్లో పోర్ట్‌ఫోలియో రివ్యూకు (నిపుణులు మన ఫొటోలు ఎదురుగా కూర్చుని చూసి చెప్పే ఏర్పాటుకు) వెళ్లాలనుకుంటున్నాను. ఇరవై నిమిషాలే ఇస్తారట. ఏం తీసుకెళ్లాలి, ఎలా మాట్లాడాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 2015 నుంచి హైదరాబాద్‌లో జరుగుతున్న ఇండియన్ ఫొటో ఫెస్టివల్, 2016లో మొదలైన చెన్నై ఫొటో బియనాలే – రెండూ మీకు దగ్గరే. ముందు ఎవరి దగ్గర కూర్చోవాలో చూసుకోండి. పత్రిక ఫొటో ఎడిటరు ‘ఇది వార్తగా నిలబడుతుందా’ అని చూస్తారు. ప్రదర్శనకు ఫొటోలు ఎంచే క్యూరేటరు ‘గోడ మీద నిలబడుతుందా’ అని చూస్తారు. కోత మీద చేసిన పనికి మొదట ఎడిటరు దగ్గరికి వెళ్లడం మేలు.

ఒకే కథ, 15 నుంచి 18 ఫొటోలు. ఏడాదిలో తీసిన మంచి సూర్యోదయాలు, తిరునాళ్లు అందులో కలపకండి. 8×12 మ్యాట్ ప్రింట్లు, విడివిడిగా, ల్యామినేషన్ లేకుండా తీసుకెళ్లండి. రివ్యూ చేసేవాళ్లు వాటిని టేబుల్ మీద ముందుకీ వెనక్కీ జరుపుతారు, పక్కకు నెట్టేస్తారు. ఆల్బమ్‌లో గానీ ట్యాబ్‌లో గానీ ఆ వీలుండదు. ప్రింట్లు ల్యాప్‌టాప్‌లో చూసినదానికన్నా నల్లగా వస్తే ల్యాబ్‌ను తిట్టకండి. మీ తెర వెలుతురు ఎక్కువగా పెట్టుకుని ఎడిట్ చేసి ఉంటారు. దాన్ని సగానికి తగ్గించి, మళ్లీ ఎడిట్ చేసి, ముందు రెండు ప్రింట్లు వేయించి చూశాకే మిగతావి ఇవ్వండి.

కోత కథల్లో అందరికీ వచ్చే చిక్కు ఒకటే: కూలిన గోడ ఆరుసార్లు, అల ఎగిసిపడటం ఐదుసార్లు, మనుషులు రెండుసార్లు. సముద్రం ఎలాగూ కనిపిస్తుంది, ఎవరి ఇల్లు పోయిందో కనిపించాలి. సామాను ఎక్కడికి మార్చారు, పడవ ఇప్పుడు ఎక్కడ కడుతున్నారు, కొత్తగా పోసిన రాళ్ల గట్టు ఎవరి గుమ్మం ముందు ఆగింది, ఇలాంటివి. ఒకే చోటు నుంచి నెలల తేడాతో తీసిన జంట ఫొటోలు ఉంటే తప్పకుండా పెట్టండి. ప్రతి ప్రింటు వెనకా తేదీ, చోటు, ఫొటోలో ఉన్నదేమిటో రెండు లైన్లు రాయండి. తేదీ లేని కోత ఫొటోకు ఎడిటరు దగ్గర విలువ సగానికి పడిపోతుంది.

ఇరవై నిమిషాలను పాడుచేసేది వివరణ. కూర్చోగానే కోత చరిత్ర మొదలుపెడితే ఎనిమిది నిమిషాలు అందులోనే పోతాయి. మూడు వాక్యాలు చాలు: ఎక్కడ, ఎప్పటినుంచి, ఎవరి గురించి. తర్వాత ప్రింట్లు ఇచ్చి ఆగిపోండి. చూడటం అయ్యాక రెండే ప్రశ్నలు వేయండి: ‘ఇందులోంచి మూడు తీసేయాలంటే ఏవి? ఇందులో లేనిది ఏది?’ అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రాసుకుంటూ ఉంటే, ఏ ప్రింటు దగ్గర వాళ్ల చెయ్యి ఆగిందో మీరు చూడలేరు. మధ్యలో ‘దీని వెనక సంగతేంటంటే’ అని నోటిదాకా వస్తే అది క్యాప్షన్‌లో ఉండాల్సిన మాట, ఇంటికెళ్లి అక్కడ రాయండి.

ఆ రోజు రాత్రే ప్రింట్లను వాళ్లు పెట్టిన వరసలో పరిచి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, మర్నాటికి ఆ వరస గుర్తుండదు. ఒకటి కన్నా ఎక్కువ రివ్యూలకు స్లాట్లు దొరికితే మధ్యలో వరస మార్చకుండా అందరికీ అదే చూపించండి. మారిస్తే ఎవరు దేని గురించి అన్నారో పోల్చలేరు. మెయిల్ చేయమని ఎవరైనా అంటే వెంటనే కాదు, చెప్పిన మార్పులు చేశాక పంపండి: 12 ఫొటోలు, కింద క్యాప్షన్లు, 10 ఎంబీ దాటని ఒకే పీడీఎఫ్, సబ్జెక్టు లైనులో మీ పేరు, ‘ఉప్పాడ’, రివ్యూ జరిగిన తేదీ.